టైరు చరిత్ర: ఇటలీ పందెపు కార్ల నుండి కోదాడ బాట వరకు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు బాటలో సూర్యాపేట దాటిన పిమ్మట కోదాడ వచ్చును. ఖమ్మము వైపు నుండియు, హుజూరునగరు వైపు నుండియు వచ్చు రోడ్లు ఇచ్చటనే పెద్దబాటను కలియుచున్నవి. ధాన్యపు లారీలు, సిమెంటు లారీలు, బస్సులు, కార్లు పగలనక రాత్రియనక ఈ కూడలి మీదుగా సాగుచుండును. రోడ్డు ప్రక్కన భోజనపు హోటళ్లు, వాటి సరసన పంక్చరు కొట్లు. ఆ కొట్ల ముందు గుట్టగా పడియున్న పాత టైర్లు చూచువారికి పనికిమాలిన రబ్బరు కుప్పగా తోచవచ్చును. కాని వాటి ప్రక్కలపై అచ్చొత్తిన అంకెలను, అక్షరములను చదువ నేర్చినవారికి అందు నూట ఎనుబది ఏండ్ల చరిత్ర కనిపించును.

వేసవిలో ఈ ప్రాంతపు ఎండ 44, 45 డిగ్రీలకు ఎగబ్రాకుట కద్దు. అట్టి ఎండలో ఒక పాతకాలపు కారు ఈ బాటపై క్షేమముగా పోవలెనన్న దానికి ఎట్టి టైరు వేయవలెను? ప్రశ్న చిన్నదే. కాని జవాబు తప్పినచో చెల్లించవలసిన మూల్యము ప్రాణమే కావచ్చును. సరియైన జవాబు చెప్పుటకు టైరు పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలెను.

ఒక ఇంజను, రెండు కార్లు

తెలుగునాట ఒకప్పుడు ఫియట్ కారు అనిన తెలియనివారు అరుదు. డాక్టర్ల ఇండ్ల ముందు, వకీళ్ల వాకిండ్లలో, టాక్సీ స్టాండులలో అదియే కనిపించెడిది. ఇటలీ దేశమున ట్యూరిన్ నగరమందలి ఫియట్ సంస్థ రూపొందించిన 1100 రకపు కారును బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు మన దేశమున తయారుచేసిరి. 1964లో వచ్చిన 1100 డి రకమే 1974లో పద్మిని అను పేరు దాల్చి, 2000 ప్రాంతము వరకు తయారగుచు వచ్చెను. దాని ఇంజను 1,089 ఘనపు సెంటీమీటర్లది. సిలిండరు వ్యాసము 68 మిల్లీమీటర్లు, పిస్టను నడక 75 మిల్లీమీటర్లు.

ఈ కొలతల వెనుక ఒక కథ కలదు. 1937లో ఫియట్ ఇంజనీరు డాంటే జాకోసా రూపొందించిన కారు ఇంజనుకు ఇవియే కొలతలు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ట్యూరిన్‌లోనే పియెరో డూసియో అను వర్తకుడు చిసిటాలియా అను సంస్థను నడిపి, ఫియట్ ఇంజనును, ఫియట్ భాగములను గ్రహించి పందెపు కార్లను చేయించెను. ఇటలీ రోడ్లపై జరిగెడి మిల్లె మిలియా పందెమునకు వేయి మైళ్లు అని అర్థము. 1947 నాటి పందెములో టాజియో నువొలారి అను ప్రసిద్ధ చోదకుడు చిసిటాలియా 202 నెక్కి, తన ఇంజనుకంటె ఎంతో పెద్ద ఇంజన్లు గల కార్లను సైతము వెనుకవైచి రెండవ స్థానము పొందెను. పినిన్ ఫరీనా శిల్పశాల తీర్చిన 202 కూపే న్యూయార్కులోని ఆధునిక కళా సంగ్రహాలయమున నేడును భద్రముగా నున్నది.

అనగా కోదాడ బాటపై పెండ్లివారిని మోసికొని పోయిన పద్మినికిని, కళాఖండముగా పూజింపబడు ఇటలీ పందెపు కారుకును దూరపు చుట్టరికము కలదు. ఇంజను ఒకే వంశపుదైనను నడకలు వేరు. ఆ భేదమునకు గల కారణములలో ఒకటి నేలను తాకు చోట నున్నది.

నలుగురు కూర్చున్న పద్మిని బరువు 1,200 కిలోలు అనుకొందము. ఒక్కొక్క టైరుపై 300 కిలోలు పడును. టైరులోని గాలి పీడనము చదరపు సెంటీమీటరుకు 1.8 కిలోలైనచో, ఆ బరువును మోయుటకు టైరు సుమారు 167 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకవలెను. పెద్దవాని అరచేయి వ్రేళ్లతో కూడ ఇంచుమించు ఇంతే యుండును. ఇంజను శక్తి, బ్రేకు పట్టు, మలుపులో నిలుకడ, ఇవన్నియు ఈ నాలుగు అరచేతుల ద్వారానే నేలకు చేరవలెను. టైరును ఎంచుకొనుట అనగా ఈ నాలుగు అరచేతుల నేలను ఎంచుకొనుటయే.

ఇనుపపట్టా మొదలు గాలి టైరు వరకు

మన ఎడ్లబండి చక్రమునకు చుట్టు బిగించిన ఇనుపపట్టాయే మొదటి టైరు. కమ్మరి ఆ పట్టాను ఎఱ్ఱగా కాల్చును. వేడికి అది సాగును. దానిని కొయ్యచక్రముపై తొడిగి నీరు పోయగానే కుంచించుకొని, చక్రపు కొయ్యలను విడిపోకుండ గట్టిగా పట్టుకొనును. ఇది ఉష్ణవ్యాకోచ సూత్రమును పల్లెటూరి కొలిమి ఎంత చక్కగా వినియోగించుకొన్నదో తెలుపు ఉదాహరణము. ఈ పట్టాకు అరుగుదల తక్కువ, కాని కుదుపును మ్రింగు గుణము లేదు.

కుదుపును మ్రింగగలది రబ్బరు. పచ్చి రబ్బరు ఎండకు జిగురగును, చలికి పెళుసగును. అమెరికాలో ఛార్లెస్ గుడ్ఇయర్ 1839లో రబ్బరును గంధకముతో కలిపి కాచినచో ఈ రెండు దోషములును తొలగునని కనుగొనెను. రబ్బరు అణువులు పొడవైన దారముల వంటివి. గంధకము వాటిని అచ్చటచ్చట ఒకదానితో నొకటి ముడివేయును. అందుచే సాగినను మరల యథాస్థితికి వచ్చును.

1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండు యువకుడు గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను. అప్పటికి అతని వయస్సు 23 ఏండ్లు. రబ్బరు పూసిన గుడ్డగొట్టములో గాలి నింపి, దానిపై తోలు తొడిగి గుఱ్ఱపుబండ్లకు అమర్చి లండను నగరమున పరీక్షించిరి. బండి మెత్తగా నడచినది. కాని వెల మిక్కుట మగుటచే లోకము ఆ సంగతి మరచిపోయెను. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయ్డ్ డన్‌లప్, తన కుమారుని మూడు చక్రముల సైకిలు కొరకు గాలి టైరును తిరిగి కనిపెట్టెను. థామ్సను పేటెంటు వెలుగులోనికి వచ్చుటచే డన్‌లప్ పేటెంటు తరువాత చెల్లకపోయెను. ఐనను సైకిళ్ల యుగము మొదలైయున్నందున ఈమారు గాలి టైరు లోకమున నిలచినది.

1895లో ఫ్రాన్సు దేశమున మిషెలిన్ సోదరులు పారిస్ నుండి బోర్డోకు పోయి వచ్చు పందెములో గాలి టైర్లు గల కారును దింపిరి. త్రోవ పొడవునను పంక్చర్లే. గడువులోగా ఆ కారు గమ్యము చేరలేదు. కాని కారు బరువును గాలి మోయగలదని రుజువైనది.

పంక్చరే ఒక మాటకు జన్మ నిచ్చినది. 1904లో వేల్సు ప్రాంతమందలి లనెల్లి పట్టణములో డేవిస్ సోదరులు అదనపు చక్రమును తయారుచేసి అమ్మసాగిరి. వారి దుకాణము స్టెప్నీ వీధిలో నుండెను. ఆ వీధి పేరే చక్రమునకు పేరైనది. ఇంగ్లండున ఆ మాట దాదాపు మరుగుపడినను, మన దేశమున ప్రతి డ్రైవరును నేటికిని అదనపు చక్రమును స్టెప్నీ యనియే పిలుచుచున్నాడు.

పడుగు, పేక, దారపు దారి

టైరు కేవలము రబ్బరు కాదు. దాని బలము లోపలి దారములలో నున్నది. ఈ సంగతి పోచంపల్లి మగ్గములను ఎరిగిన నల్లగొండ సీమవారికి సులభముగా బోధపడును. తొలినాటి టైర్లలో మామూలు నేత గుడ్డనే వాడిరి. నేతలో పడుగు దారములు, పేక దారములు ఒకదానిపై నొకటి ఎక్కి దిగుచుండును. చక్రము తిరిగిన ప్రతిసారి టైరు అణగి లేచును. అప్పుడు పడుగు పేకను, పేక పడుగును రాచుకొని రంపమువలె కోసికొనును. వేడి పుట్టి గుడ్డ చిరుగును.

దీనికి విరుగుడుగా పేకను దాదాపు తీసివేసి, దారములనన్నిటిని ఒకే దిక్కున పరచి, పొరకును పొరకును నడుమ రబ్బరు పూసిరి. ఒక పొరలోని దారములు కుడివైపు ఏటవాలుగను, మరియొక పొరలోనివి ఎడమవైపు ఏటవాలుగను పోవును. ఇదియే అడ్డపొరల టైరు. మన లారీ డ్రైవర్లు నైలాను టైరు అని వ్యవహరించునది ఇదియే. మొదట నూలు దారము, తరువాత రేయాను, నైలాను వచ్చెను. రబ్బరులో కార్బను మసిని కలుపుటయు 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో అలవాటైనది. అంతకుముందు టైర్లు తెల్లగా నుండెడివి. మసి కలిపిన పిదప నల్లబడి, అరుగుదలకు అనేక రెట్లు తట్టుకొనసాగెను.

అడ్డపొరల టైరులో ప్రక్కలు, నడకభాగము ఒకే దారములతో ముడిపడియుండును. కావున ప్రక్క వంగినచో నడకభాగము కూడ ముడుచుకొనును. మలుపులో అరచేతి మేర నేల ఇంకను తగ్గును. మిషెలిన్ సంస్థ 1946లో దీనికి మందు కనిపెట్టెను. దారములను ఒక అంచు నుండి మరియొక అంచునకు నేరుగా, చక్రపు ఆకులవలె పరచి, నడకభాగము క్రింద ఉక్కు తీగెల పటకా చుట్టిరి. ఇది రేడియల్ టైరు. ప్రక్కలు యథేచ్ఛగా వంగును. పటకా మాత్రము నడకభాగమును నేలపై చదునుగా నిలుపును. వేడి తగ్గును, పట్టు పెరుగును, మన్నిక హెచ్చును.

ఇటలీ కార్లు నేర్పిన పాఠము

ఇటలీలో మిలాన్ నగరమున జొవానీ బాటిస్టా పిరెల్లి 1872లోనే రబ్బరు కర్మాగారమును స్థాపించెను. 1907లో చైనా రాజధాని పెకింగు నుండి పారిస్ వరకు సాగిన కార్ల పరుగులో గెలిచిన ఇటాలా కారు పిరెల్లి టైర్లపైననే నడచినది. తోవ లేని ఎడారులను, బురదలను దాటిన ఆ యాత్ర టైరుకు పెద్ద పరీక్ష.

1950లో లాంచియా సంస్థ ఔరేలియా అను కారును వెలువరించెను. రేడియల్ టైర్లతోనే కర్మాగారము వెడలిన తొలి కార్లలో ఇది ముఖ్యమైనది. 1950ల ఆరంభములో పిరెల్లి సంస్థలోని లుయిజి ఎమాన్యూయెలి ఉక్కుకు బదులు దారపు పటకా గల రేడియల్ టైరును రూపొందించెను. దానికి చింటురాటో అని పేరు. పటకా కట్టినది అని భావము. ఆల్ఫా రోమియో, ఫెరారి, మసెరాటి, లంబోర్గిని కార్లు దీని సంతతిపై పరుగులెత్తినవి.

వేగము పెరిగిన కొలది టైరుపై అక్షరములు పెరిగినవి. రేడియల్ టైరుపై ఎస్ ఆర్ అని యున్నచో గంటకు 180 కిలోమీటర్ల వరకు, హెచ్ ఆర్ అని యున్నచో 210 వరకు, వి ఆర్ అని యున్నచో అంతకు పైన అని నాటి నియమము. 1966లో వచ్చిన లంబోర్గిని మియూరా వంటి కార్లకు ఈ చివరి తరగతి అవసరమైనది. 1970లలో పిరెల్లి వారి పి7 టైరుతో వెడల్పు పెరిగి ఎత్తు తగ్గినది. 1978 నాటి లంబోర్గిని కౌంటాష్ ఎల్ పి 400 ఎస్ కారు వెనుక టైరు వెడల్పు 345 మిల్లీమీటర్లు. ఎత్తు అందు నూటికి 35 వంతులు మాత్రమే. పద్మినికి వచ్చిన 5.20-14 టైరు వెడల్పు 5.20 అంగుళములు, అనగా సుమారు 132 మిల్లీమీటర్లు.

ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన చూచి, వెడల్పయిన టైరే మేలైనదని భ్రమపడరాదు. ఆ వెడల్పు టైర్ల కొరకు కౌంటాష్ చక్రములను, వాటిని పట్టు కడ్డీలను కొత్తగా తీర్చిరి. టైరు, స్ప్రింగులు, స్టీరింగు, ఈ మూడును ఒక జట్టు. ఒకదానిని మార్చి తక్కినవాటిని విడిచినచో జట్టు చెడును. ఇటలీ పందెపు కార్లు నేర్పిన ముఖ్యమైన పాఠ మిది.

పాత కారుకు ఏ టైరు తగును?

ఈ చరిత్ర నుండి కొన్ని నియమములు తేలుచున్నవి. అవి ట్యూరిన్‌లోని చిసిటాలియాకును, కోదాడలోని పద్మినికిని సమానముగా వర్తించును.

మొదటిది, రకము. కారు పుట్టిననాడు అడ్డపొరల టైర్లున్నచో వాటినే వేయవచ్చును; నాలుగింటిని రేడియల్‌కు మార్చుటయు సాధ్యమే. కాని రెంటిని కలుపరాదు. ముందు రేడియలు, వెనుక అడ్డపొరలు వేయుట మిక్కిలి ప్రమాదకరము. మలుపులో ముందు చక్రములు గట్టిగా పట్టును, వెనుకవి జారును; కారు గిఱ్ఱున తిరుగును. ఒకే ఇరుసుపై కుడికి ఒక రకము, ఎడమకు ఒక రకము వేయుట అంతకన్నను తప్పు.

రెండవది, వ్యాసము. 5.20-14 టైరు వ్యాసము సుమారు 610 మిల్లీమీటర్లు. 155/80 ఆర్ 14 అను రేడియల్ టైరు వ్యాసము లెక్కకు 604 మిల్లీమీటర్లు వచ్చును. భేదము స్వల్పము. అదే రిమ్ముకు 155/65 ఆర్ 14 వేసినచో వ్యాసము 557 మిల్లీమీటర్లే యగును. చక్రము చిన్నదగుటచే కిలోమీటరునకు ఎక్కువ చుట్లు తిరుగును. స్పీడోమీటరు 80 చూపునప్పుడు కారు నిజముగా 73 కిలోమీటర్ల వేగముననే పోవుచుండును. ఇంజను అనవసరముగా శ్రమపడును, కారు అడుగుభాగము నేలకు దగ్గరగును.

మూడవది, రిమ్ము. ఇటలీ పందెపు కార్లకు అలంకారమైన బొర్రాని చువ్వల చక్రములలో ప్రతి చువ్వకు ఒక రంధ్ర ముండును. అందుండి గాలి పోవును గనుక ట్యూబు తప్పనిసరి. ట్యూబు లేని టైర్ల కొరకు చేసిన నేటి రిమ్ములలో అంచును పట్టియుంచు చిన్న గట్టు ఉండును. పాత రిమ్ములలో ఆ గట్టు లేనిచో, మలుపులో టైరు అంచు జారి గాలి యంతయు ఒక్కసారి పోవచ్చును. అట్టి రిమ్ముపై ట్యూబు లేని పద్ధతి తగదు.

నాలుగవది, బరువు, వేగము. నేటి టైర్లపై బరువును తెలుపు అంకె, వేగమును తెలుపు అక్షరము జంటగా నుండును. 75 అనిన ఒక టైరు 387 కిలోలు మోయగలదని అర్థము. టి అనిన గంటకు 190, హెచ్ అనిన 210, వి అనిన 240 కిలోమీటర్లు. కారు తయారీదారు చెప్పిన దానికి ఇవి తక్కువ కారాదు.

ఎండయు, వయస్సును

మన దేశమున తొలి టైరు కర్మాగారమును 1936లో డన్‌లప్ వారు బెంగాలులోని సాహాగంజ్‌లో నెలకొల్పిరి. దానికి నాలుగేండ్ల ముందు, 1932 జూన్ 15న, హైదరాబాదు సంస్థానమున 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా మొదలైయుండెను. తరువాత రబ్బరు పల్లెకును చేరి ఎడ్లబండి టైరు బండిగా మారినది. కార్లకు రేడియల్ టైర్లు ఇచ్చట తయారగుట 1970ల చివర ఆరంభమైనది. నేడు సదాశివపేటలో ఎం ఆర్ ఎఫ్ వారి కర్మాగార మున్నది. తిరుపతి దాపున చిన్నపాండూరులో అపోలో వారి కర్మాగారము 2020లోను, విశాఖ సమీపమున అచ్యుతాపురములో యొకొహామా వారిది 2022లోను ఉత్పత్తి ప్రారంభించినవి. ఒకప్పుడు దూరదేశపు సరుకైన టైరు తెలుగునేలపైననే పుట్టుచున్నది. కాని ఈ నేలపై దానికి బద్ధశత్రువు ఎండ.

వేసవి మధ్యాహ్నమున నల్లని రోడ్డు 60 డిగ్రీలకు పైగా వేడెక్కును. ఉదయము 25 డిగ్రీల చల్లదనమున హైదరాబాదులో టైరులో 26 పౌండ్ల గాలి పట్టించి బయలుదేరినచో, టైరులోని గాలి 65 డిగ్రీలకు వేడెక్కునప్పటికి పీడనము సుమారు 31 పౌండ్లకు పెరుగును. ఇది వాయువుల సహజ ధర్మము. కోదాడలో ఆగి, గాలి ఎక్కువైనదని తీసివేయువారు పొరబడుచున్నారు. చల్లారిన పిదప ఆ టైరు గాలి తక్కువైనదే యగును. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టునను ఎక్కువగా వంగును. వంగిన కొలది వేడి, వేడికొలది పొరల విడుపు. టైరు ప్రేలుటకు ఇదియే రాచబాట. అందుచే గాలిని చల్లని టైరులోనే కొలువవలెను.

పాత కార్లకు మరియొక గండము కలదు. అవి తక్కువగా తిరుగును గనుక టైరు గాడులు లోతుగనే యుండును; చూపులకు కొత్తగా కనిపించును. కాని రబ్బరు అరుగకున్నను ముసలిదగును. ప్రాణవాయువు, ఓజోను దాని అణువుల దారములను త్రెంచును. వేడి ఆ పనిని త్వరితపరచును. ఓజోను నుండి కాపాడుటకు రబ్బరులో కలిపిన మైనము టైరు తిరుగునప్పుడే పైకి ఊరివచ్చును. నెలల తరబడి కొట్టములో కదలక నిలచిన కారు టైరులో ఈ రక్షణ తక్కువ. ప్రక్కలపై సన్నని పగుళ్లు అందుకు గుర్తు. ఐదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్షించుట, పదేండ్లు దాటినదానిని గాడులెంత లోతున్నను తీసివేయుట మేలు.

టైరు వయస్సు తెలిసికొనుట కష్టము కాదు. 2000 నుండి తయారైన టైర్ల ప్రక్కపై నాలుగంకెలు ఉండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 3522 అని యున్నచో 2022వ సంవత్సరపు 35వ వారమున పుట్టినదని అర్థము. మూడంకెలే యున్నచో అది 2000కు ముందటిది. దానిపై ఎవరి ప్రాణమును పెట్టరాదు.

నాడు తొమ్మిదవ నెంబరుగను, నేడు అరువదియైదవ నెంబరుగను పిలువబడు ఈ జాతీయ రహదారి 2010ల ఆరంభమున నాలుగు వరుసలుగా విశాలమైనది. ఇరుకు రోడ్డుపై గంటకు 50 కిలోమీటర్లు పోయిన పాత కారును నేటి బాట 80కి పురికొల్పును. రోడ్డు మారినది, వేగము మారినది. కారు మాత్రము మారలేదు. ఆ వ్యత్యాసమును మోయవలసినది టైరే. కోదాడలో భోజనమునకు దిగిన ప్రయాణికుడు చేయి కడుగుటకు ముందు కారు చుట్టు ఒకసారి తిరిగి, నాలుగు టైర్లపైన, స్టెప్నీపైన ఆ నాలుగంకెలను చదువుటకు రెండు నిమిషములకు మించి పట్టదు.